పంతొమ్మిది రోజులు తక్కువ

జనవరి 12

లెక్కలమ్మకి వదిన రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు. నాకు వినపడింది మూడే మూడు ముక్కలు: కవరు, సంతకం, కంగారుపడకు. మూడోది విన్నాక కంగారు మొదలైంది. ఎడమ చెవి పూర్తిగా పోయిందని డాక్టరు తేల్చేశాడు. కుడి చెవి కూడా ఇరవై ఏళ్లు షాపులో రిపేరుకొచ్చే మోటార్ల పక్కన కూర్చుని అలిసిపోయింది. ఇక నుంచి నాతో పనుంటే ఉత్తరం రాయి. ఉత్తరమైతే అర్థమయ్యేదాకా చదువుకుంటాను. ఫోన్లో మాట జారిపోతే మళ్లీ అడగడానికి సిగ్గుగా ఉంటోంది.

మీ కంపెనీ లాయరు పంపిన కవరు అందింది. పదిహేడు పేజీలు. షాపు తలుపు సగం వేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా అదే పని. రన్‌వే అంటే విమానం పరిగెత్తే దారి అని ఉంది. కంపెనీకి రన్‌వే నాలుగు నెలలే ఉందని రాశారు. మీకు విమానం ఎప్పుడొచ్చింది? డైల్యూషన్ అంటే పలచన చెయ్యడం అట. మనం వార్నిష్‌లో థిన్నర్ పోస్తామే, అలా అనుకున్నాను. అక్కడిదాకా నవ్వుకుంటూనే చదివాను.

తొమ్మిదో పేజీ దగ్గర నవ్వు పోయింది. "సదరు వ్యవస్థాపకుడు క్లిఫ్ దాటకుండానే మరణించినందున" అని ఉంది. క్లిఫ్ అంటే కొండ అంచు, నిలువునా కిందికి దిగేది అని డిక్షనరీలో బొమ్మ వేసి మరీ చూపించాడు. మీ అన్నయ్య పోయింది మన షాపు వెనక గదిలో, బల్ల ముందు, కుర్చీలో. అక్కడ ఏ కొండా లేదు. ఆ లాయరుకి ఎవరేం చెప్పారు? నాకు తెలియనిది ఏమైనా ఉందా?

వెనక గది గోడకి మళ్లీ చెమ్మ ఎక్కుతోంది. బాగుచేయించాలంటే గది ఖాళీ చెయ్యాలి. ఇంకా చెయ్యలేదు.

మీ వదిన

*

జనవరి 17

వదినా,

తప్పు నాదే. ఆ కవరు నేనే తెచ్చి, పక్కన కూర్చుని చదివి వినిపించాల్సింది. తెలిసిన సంగతే అయినా మొదటినుంచీ రాస్తాను. చదివి తిట్టు.

అన్నయ్యా నేనూ పెట్టింది స్టార్టప్. అంటే సరుకు తయారై, అమ్ముడై, డబ్బు రాకముందే ఖర్చు మొదలయ్యే కంపెనీ. అరచేతిలో పట్టే పెట్టె, మోటారుకి అతికిస్తే దాని చప్పుడు విని, బేరింగ్ ఇంకెన్నాళ్లు ఆడుతుందో ముందే చెబుతుంది. అన్నయ్య చెవికి తెలిసింది పెట్టెకి నేర్పడం మా పని. రన్‌వే అంటే చేతిలో ఉన్న డబ్బుతో ఇంకెన్ని నెలలు నడవగలమో ఆ లెక్క. విమానం లేచేలోపు దారి అయిపోతే ఎదురుగా గోడే. అందుకే ఇన్వెస్టర్ల కోసం తిరిగాను. ఇప్పటికి ఒకళ్లు టర్మ్ షీట్ ఇచ్చారు. అది ఒప్పందం కాదు, "ఇన్ని షరతులకి ఒప్పుకుంటే ఇంత పెడతాం" అని ముందుగా అనుకునే మాటలు కాగితం మీద పెట్టడం. వాళ్లొచ్చి వాటా తీసుకుంటే ఉన్నవాళ్ల వాటాలు తగ్గుతాయి. అదే డైల్యూషన్. నీ థిన్నర్ ఉపమానం మా లాయరు చెప్పినదానికంటే బాగుంది.

ఇక క్లిఫ్. ఇది రాయడానికే రెండు రోజులు పట్టింది. కంపెనీ పెట్టినప్పుడు చెరి సగం అనుకున్నాం. కానీ ఆ సగం మొదటిరోజే చేతికి రాదు. నాలుగేళ్లపాటు పనిచేస్తూ ఉంటే నెలనెలా కొంచెం కొంచెంగా సొంతమవుతుంది. దాన్ని వెస్టింగ్ అంటారు. అందులో మొదటి ఏడాది మాత్రం ఏమీ రాదు. ఏడాది నిండిన రోజున నాలుగోవంతు ఒక్కసారిగా వస్తుంది. ఆ గీతనే క్లిఫ్ అంటారు. రెండు నెలలు చేసి వెళ్లిపోయినవాడు సగం కంపెనీ పట్టుకుపోకుండా పెట్టుకునే కట్టుబాటు అది.

కంపెనీ రిజిస్టర్ అయింది అటుపోయిన ఏడాది సెప్టెంబరు పదో తేదీన. అన్నయ్య పోయింది మరుసటేడు ఆగస్టు ఇరవై రెండున. పంతొమ్మిది రోజులు తక్కువ.

లాయరు రాసింది ఈ లెక్కే. అన్నయ్య ఎలా పోయాడన్నది కాదు.

నీ లెక్కలమ్మ

*

జనవరి 24

లెక్కలమ్మకి,

అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

ఏడాది నిండలేదు కాబట్టి ఆయనకి కంపెనీలో ఏమీ లేదు. అంతేగా నువ్వు చెప్పింది? పదకొండు నెలల పన్నెండు రోజులు లెక్కలోకి రావు. షాపుకి వచ్చిన ప్రతి మోటారునీ విప్పేముందు గంటసేపు ఆడించి రికార్డు చేసేవారు. జనం "మా మోటారు ఎప్పుడిస్తారు" అని నా మీద అరిచేవాళ్లు. ఆ అరుపులకీ వెస్టింగ్ ఉందా?

పదకొండో పేజీలో "డెడ్ ఈక్విటీ" అన్న మాట ఉంది. దానికి డిక్షనరీ అక్కర్లేకపోయింది. చచ్చిన వాటా. కంపెనీలో పనిచెయ్యని మనిషి పేరు మీద ఉండిపోయే వాటాని అలా అంటారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పనిచెయ్యని మనిషి.

ఒక్క సంగతి అడుగుతాను. ఏమీ లేనివాడి పెళ్లాన్ని మూడుచోట్ల సంతకం ఎందుకు అడుగుతున్నారు? నాకు చదువు తక్కువే గానీ, పనికిరాని చిత్తుకాగితాల మీద ఎవరూ సంతకాలు పెట్టించుకోరని తెలుసు. నీ సగం కాస్తా పూర్తి అవడానికైతే ఆ ముక్క సూటిగా రాసెయ్యి. నేనేం కోర్టుకెక్కను.

ఇంకొకటి. ఆ కొండ అంచు పెట్టాలన్నది ఎవరు, ఆయనా, నువ్వా?

వదిన

*

ఫిబ్రవరి 2

వదినా,

నేనే.

ఆయన వద్దన్నాడు. "మనిద్దరి మధ్య కాగితాలెందుకే" అన్నాడు. అన్నయ్య సంగతి నీకూ తెలుసు. ఫ్యాన్ల వ్యాపారం ఆరు నెలలు, బ్యాటరీలు నాలుగు నెలలు. ఇదీ మధ్యలో వదిలేసి షాపులో కూర్చుంటాడని భయపడ్డాను. వదిలేస్తాడనే అనుకున్నాను, పోతాడని అనుకోలేదు. ఆ కాగితంలో రెండింటికీ ఒకటే రూలు.

నా వాటా పెంచుకోవడానికి కాదు వదినా. అది నమ్మమని అడగను, కాగితాలే చూపిస్తాను. అన్నయ్యకి ఏడాది నిండినట్టే లెక్కవేసి, ఆ నాలుగోవంతు నీ పేరు మీద రాయాలని ఇన్వెస్టర్లని అడిగాను. ఆలోచిస్తామన్నారు.

సంతకం ఎందుకో చెబుతాను. డబ్బు పెట్టేముందు వాళ్ల మనుషులొచ్చి మన లోగుట్టంతా తవ్వి చూస్తారు. డ్యూ డిలిజెన్స్ అంటారు. వాళ్ల తరఫున వచ్చిన అమ్మాయి మూడు రోజులు ఇక్కడే కూర్చుంది. మా ఆఫీసు నువ్వు చూడలేదు కదా, టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు, గోడలకి స్పాంజి ముక్కలు, మధ్యలో టెస్టింగ్ మోటారు, ఒక్కటే కిటికీ. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ రికార్డింగులు ఎవరివి?" కంపెనీ ఆస్తి మొత్తం ఆ రికార్డింగులే. చేసింది అన్నయ్య. వాటిని కంపెనీకి రాసిచ్చే కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. రేపు రేపంటూ ఉండగానే అయిపోయింది. కాబట్టి ఇవాళ అవి నీవి. ఏమీ లేనివాడి పెళ్లానివి కావు నువ్వు. నువ్వు సంతకం పెట్టకపోతే కంపెనీకి ఖాళీ పెట్టె తప్ప ఏమీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది. ప్రతి రికార్డింగు మొదట్లో అన్నయ్య మాట్లాడతాడు. "ఐదు హెచ్‌పీ, బయటి రింగు, పది రోజులు." "రెండు హెచ్‌పీ, గ్రీజు ఎండిపోయింది, నెల ఆడుతుంది." ఏ చప్పుడు దేనిదో పెట్టెకి తెలియాలంటే ఆ ముక్క కావాలి. మూడువేల పైచిలుకు రికార్డింగులు. పెట్టెకి మనిషి గొంతు అడ్డం కాబట్టి కాపీల్లోంచి ఆ మాటలు కోసేస్తాం. అసలువి బీరువాలో డిస్కులో ఉన్నాయి. అన్నయ్య పోయినప్పట్నుంచీ రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అవే వింటున్నాను. నా పనే అది.

నీకు చెబితే తట్టుకోలేవనుకున్నాను.

లెక్కలమ్మ

*

ఫిబ్రవరి 7

ఆరు నెలల నుంచీ ఆయన గొంతు నీ దగ్గరుంది.

ఆయన గొంతు మర్చిపోతానేమోనని నాకు భయం. చెవి పోతే గుర్తు కూడా పోతుందా అని డాక్టర్ని అడిగాను. నవ్వాడు. పెళ్లిరోజున ఏమన్నారో గుర్తుంది, ఎలా అన్నారో గుర్తు రావడం లేదు.

రికార్డింగుల చిన్న చిన్న కార్డులన్నీ డబ్బాలో వేసి నీకు ఇచ్చింది నేనే. వాటిలో ఏముందో తెలియక ఇచ్చాను. ఆ రోజు కార్డు కూడా అందులోనే ఉండాలి. నేను గదిలోకి వెళ్లేసరికి రికార్డరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మోటారు తిరుగుతూనే ఉంది. వైరు నేనే పీకేశాను.

ఆ రోజుది నువ్వు విన్నావా? విని ఉంటే, ఏ నిమిషంలో ఏముందో అంతా రాయి. నాకు వినే చెవి లేదు, చదువుతాను.

ముఖ్యంగా ఒకటి. నన్ను పిలిచారా?

*

ఫిబ్రవరి 15

వదినా,

విన్నాను. ఒక్కసారే.

మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది. మొత్తం ముప్పై ఒక్క నిమిషాలు. మొదట అన్నయ్య, "పదిహేను హెచ్‌పీ, లోపలి రింగు, ఎన్నాళ్లో తెలియదు, చూద్దాం" అన్నాడు. తర్వాత అంతా మోటారు చప్పుడే. కుర్చీ ఒకసారి కిర్రుమంది. చివర్లో నువ్వు వచ్చావు. అక్కడితో ఆగిపోయింది.

నిన్ను పిలవలేదు వదినా. ఎవర్నీ పిలవలేదు. నొప్పి తెలిసినట్టు కూడా లేదు. దాని గురించి ఇంక ఆలోచించకు.

కాగితాల సంగతి నీ ఇష్టం. తొందరపెట్టను. కానీ రన్‌వే రెండున్నర నెలలకి వచ్చింది.

లెక్కలమ్మ

*

ఫిబ్రవరి 21

లెక్కలమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. షాపు తెరవకుండా మెట్ల మీదే కూర్చుని చదివాను. తర్వాత లోపలికెళ్లి పడుకుని సాయంత్రం ఐదింటికి లేచాను. పగలు పడుకుని ఎన్నేళ్లయిందో. రెండు రోజులుగా అన్నం కూడా సహిస్తోంది. నీకు ఇది చిన్న సంగతిగా అనిపించొచ్చు. నాకు మాత్రం గుండెల మీద రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది.

నీ మీద అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సగం, పావు, నాలుగోవంతు, నీకేది తోస్తే అది చెయ్యి. మూడుచోట్లా సంతకాలు పెట్టేశాను, ఇదే కవర్లో ఉన్నాయి. మూడోది కాస్త వంకరగా పడింది, లాయరు ఒప్పుకోకపోతే మళ్లీ పెడతాను.

స్కూలు వాళ్ల పంపు మోటారు వచ్చింది. మాడిపోయిన వైండింగ్ వాసన నీకు గుర్తుందా, ఎనిమిదో తరగతిలో ఆ వాసనకి వాంతి చేసుకున్నావు. మీ అన్నయ్య నీ పుస్తకాలన్నీ కడిగి తీగ మీద ఆరేశారు. లెక్కల పుస్తకం ఒక్కటే ఆరలేదని ఏడ్చావు. ఆ పేరు అప్పుడొచ్చిందే.

వెనక గది ఖాళీ చేసి చెమ్మ బాగుచేయిస్తాను. ఇప్పుడు చెయ్యగలననిపిస్తోంది.

మీ వదిన

*

మార్చి 9

వదినా,

నీ సంతకాలు ఈ కవర్లో తిప్పి పంపుతున్నాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకో చదివాక నన్ను ఏమన్నా పడతాను.

ఒప్పందానికి ముందు డిస్‌క్లోజర్ అని ఒకటి ఉంటుంది. కంపెనీ గురించి నాకు తెలిసి, డబ్బు పెట్టేవాళ్లకి తెలియని చెడ్డ సంగతులన్నీ ముందే రాసివ్వాలి. దాచిపెట్టానని తర్వాత తేలితే ఒప్పందమే చెల్లదు. ఆ జాబితా రాస్తుంటే, చెకింగ్‌కి వచ్చిన ఆ అమ్మాయి అడిగింది, "లిస్టులో మూడువేల నూట నలభై ఒకటి ఉన్నాయి. డిస్కులో మూడువేల నూట నలభయ్యే ఉన్నాయి. ఆ ఒక్కటి ఏమైంది?" పాడైపోయిందన్నాను. ఆమె అలాగే రాసుకుంది. పాడవ్వలేదు. నేనే తీసి, నా సొరుగులో పెట్టుకున్నాను.

నీకూ అబద్ధమే రాశాను. ఆ అబద్ధం చదివి నువ్వు పడుకున్నావు. అన్నం తిన్నావు. సంతకం పెట్టావు. ఆ సంతకం పట్టుకెళ్లి డబ్బు తీసుకోవడం నావల్ల కాలేదు. ఆ రోజుది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నీకు వద్దనుకుంటే ఇక్కడ ఆపెయ్యి, కింది పేజీ చింపెయ్యి.

పదకొండో నిమిషంలో ఫోన్ మోగుతుంది. చేసింది నేను. నా మాటలు అందులో లేవు, ఆయనవే ఉన్నాయి.

"చెప్పు లెక్కలమ్మా."

"ఆ కాగితమేగా. రేపు పెడతాలే."

"చదవకుండా ఎలా పెడతానే. పేజీ పేజీకీ కొత్త మాట."

"ఇవాళ వద్దులే, ఒంట్లో బాలేదు. ఛాతీ బిగబట్టినట్టుంది."

ఇక్కడ కాసేపు ఏమీ ఉండదు. అక్కడ మాట్లాడింది నేను. నేనన్నది, "నీకు సంతకమనగానే ఏదో ఒకటి వస్తుంది. పెట్టేసి పడుకో." నవ్వుతూ అనలేదు వదినా. విసుక్కున్నాను. ఇంకో ఇన్వెస్టరు ఆ సాయంత్రమే కాగితాలు చూస్తానన్నాడు, నా తలంతా అక్కడే ఉంది.

ఆయన నవ్వాడు. "సరేలే, పెట్టే పడుకుంటా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

పంతొమ్మిదో నిమిషంలో, "ఇదిగో, ఒకసారి ఇలా రా" అన్నాడు. గట్టిగా కాదు. మామూలుగా నిన్ను ఎలా పిలుస్తాడో అలాగే. ఒక్కసారే. తర్వాత కుర్చీ చప్పుడు. ఆ తర్వాత మోటారు. ముప్పై ఒకటో నిమిషంలో నువ్వు వచ్చావు.

పిలిచాడు వదినా. మధ్యలో పన్నెండు నిమిషాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లమని ఒక్క మాట అనాల్సింది నేను. రోజూ ఆయన గొంతు వింటూ పనిచేస్తుంటే మా ఆఫీసులో అందరూ "పాపం, ఎంత ధైర్యం" అంటారు. ధైర్యం కాదు. మూడువేల నూట నలభైలో ఏ ఒక్కదాంట్లోనైనా నా మీద కోపం వినపడుతుందేమోనని వెతుకుతున్నాను. ఎక్కడా లేదు. అది ఉంటే బాగుండేది.

నీ ఆడపడుచు

*

మార్చి 20

లెక్కలమ్మకి,

కింది పేజీ చింపెయ్యమన్నావు. చింపుతానని ఎలా అనుకున్నావు?

రెండు రోజులు నీ మీద కోపం. విసుక్కున్నందుకు కాదు. చెప్పకుండా ఉండిపోయి ఉంటే బాగుండేదని. నువ్వు మోసుకు తిరగలేక తెచ్చి నా గుమ్మంలో దించావనిపించింది. అదీ కొంత నిజమే, కాదనకు. మూడో రోజు సాయంత్రం కాగితం తీసుకుని కూర్చున్నాను. డిస్‌క్లోజర్ అన్నావు కదా, నా దగ్గరా ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

చెవులు సరిగా వినిపించవు కాబట్టి ఆయన పిలుపు నాకు వినపడలేదని అందరికీ చెప్పాను. డాక్టరుకి, చుట్టాలకి, నీకు. అందరూ నమ్మారు. నమ్మక ఏం చేస్తారు.

వినపడింది. కుడి చెవిలో, ఏదో పిలుపులాంటిది. అప్పుడు నేను ముందుగదిలో కాయిల్ చుడుతున్నాను. కాయిల్‌కి అరవై రెండు చుట్లు. నలభై దాటాను. మధ్యలో లేస్తే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే మొత్తం విప్పుకోవాలి. అయ్యాక వెళదాంలే అనుకున్నాను. అరవై రెండు అయ్యాయి. ముడి వేశాను. ముడి వేసేసరికి పిలుపు సంగతి మర్చిపోయాను. ఇంకో కాయిల్ మొదలుపెట్టాను. అదీ అయింది. మంచినీళ్ల కోసం లేచి, దారిలో గదిలోకి తొంగిచూశాను.

అది నిజంగా పిలుపా, మోటారు చప్పుడులో నేను ఊహించుకున్నదా అని ఏడు నెలలుగా నాకు తెలియదు. అందుకే నిన్ను అడిగాను. పిలవలేదని నువ్వు రాసినప్పుడు, అయితే ఊహించుకున్నదేలే అని పడుకున్నాను. ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటి. ఆ రోజు పొద్దున ఛాతీ బరువుగా ఉందని నాకూ చెప్పారు. "నిన్న పెద్ద మోటారు ఒక్కరే ఎత్తారుగా, పట్టేసి ఉంటుంది" అని మందు రాసి పనిలోకి పంపాను. కాబట్టి ఆయన ఆ మాట ముందు చెప్పింది నీకు కాదు. నువ్వు రెండోదానివి.

బల్ల మీద పెన్ను మూత తీసి ఉంది. కింద ఏదో కాగితం. ఎందుకో ఇన్నాళ్లూ అర్థం కాలేదు. నీ మాట మీద సంతకం పెట్టబోయారేమో. నన్ను పిలిచింది నొప్పికో, "ఈ మాటకి అర్థమేంటో డిక్షనరీలో చూడు" అనడానికో. అది మనకి ఎప్పటికీ తెలియదు. నీ డిస్కులో కూడా లేదు.

నీ తప్పేం లేదని రాయను. రాస్తే నువ్వు నమ్మవు. నా తప్పేం లేదని నువ్వూ రాయకు.

సంతకాలు మళ్లీ పంపుతున్నాను. ఈసారి అన్నీ తెలిసి పెట్టినవి. కాకపోతే రెండు షరతులు. అసలు రికార్డింగుల్లో ఆయన గొంతు ఎవరూ చెరపకూడదు, అది కాగితం మీద ఉండాలి. ఆ చచ్చిన వాటా అన్న మాట కొట్టెయ్యాలి. ఇంకేం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

వదిన

*

మార్చి 29

వదినా,

నీ ఉత్తరం చదివాక నేరుగా వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. రికార్డింగు పాడవ్వలేదని, దాచానని, ఎందుకు దాచానో అంతా చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత "దాన్ని లిస్టులోంచి తీసేద్దాం. అది డేటా కాదు" అంది.

వాళ్ల పెద్దాయన మాత్రం వ్యాపారం మాట్లాడాడు. అబద్ధం చెప్పిన ఫౌండరుకి ధర తగ్గుతుందన్నాడు. కంపెనీ విలువ తగ్గించి కట్టారు, ఆ కోత అంతా నా వాటాలోంచే పోయింది. ఒప్పుకున్నాను. అన్నయ్యకి ఏడాది నిండినట్టే లెక్క వేశారు. క్యాప్ టేబుల్ అంటే కంపెనీలో ఎవరిది ఎంతో రాసే పట్టిక. అందులో రెండో వరసలో నీ పేరు ఉంది. నీ షరతులు రెండూ రాయించాను. నిన్న సంతకాలయ్యాయి.

అందరూ చేతులు కలిపారు. నేనూ కలిపాను. తర్వాత మెట్లు దిగి వచ్చి, కింద టైర్ల కొట్టువాడు పలకరిస్తే తలూపి మళ్లీ మెట్లెక్కేశాను.

నువ్వు ఒకసారి రా వదినా. బీరువా తాళం తీసి కూర్చుందాం.

లెక్కలమ్మ

*

ఏప్రిల్ 30

లెక్కలమ్మకి,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కావిడ దారంతా ఏదో చెబుతూనే ఉంది, నేను తలూపుతూనే ఉన్నాను. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. దేనికి తలూపానో దేవుడికే తెలియాలి.

నీ ఆఫీసులో నాకు ఏం వినపడిందో నువ్వు అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది. ఇప్పుడు చెబుతాను. హెడ్‌ఫోన్లు ఎంత పెంచినా మాటలు తెలియలేదు. ఒక గొంతు అని మాత్రం తెలిసింది. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. నువ్వు కాగితం మీద రాసి చూపిస్తూ ఉన్నావు, "మూడు హెచ్‌పీ, బయటి రింగు, వారం" అని. నేను చదువుతూ, గోడ అవతల గొంతు వింటూ కూర్చున్నాను. ఒకదాంట్లో ఆయన దేనికో నవ్వారట. ఆ నవ్వు మాత్రం తెలిసింది. మన ఇంట్లో వాళ్లంతా ముక్కుతో నవ్వుతారు కదా, అలా. దాన్ని నాలుగుసార్లు పెట్టించాను. నీకు విసుగేసిందో లేదో. ఆ రోజుది పెట్టమని నేను అడగలేదు, నువ్వు సొరుగు తియ్యలేదు. అదీ మంచిదైంది.

వెనక గది ఖాళీ చేశాను. చెమ్మ బాగుచేసేవాడు వచ్చి గోడంతా గీకి వెళ్లాడు. బల్లని ముందుగదిలోకి, నా పక్కకి తెచ్చుకున్నాను. కుర్చీ మాత్రం అక్కడే వదిలేశాను.

ఒక సంగతి ఉంది, నీకు కాక ఎవరికీ రాయలేను. మధ్యాహ్నం కాయిల్ చుడుతుంటే అప్పుడప్పుడు కుడి చెవిలో ఆ పిలుపు వస్తోంది. ఇదివరకూ వచ్చేది, తల వంచుకుని చుట్టుకుపోయేదాన్ని. ఇప్పుడు అలా చెయ్యడం లేదు. ఎన్నో చుట్టులో ఉన్నా తీగ వదిలేసి లేస్తాను. వెళ్లి గదిలో చూస్తాను. గోడా, కుర్చీ ఉంటాయి. కాసేపు నిలబడతాను. తిరిగొచ్చి, చుట్టినదంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను.

మీ వదిన